పరుగుపందెము - పెద్ద తెర

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, శామీర్‌పేటకు పోవు దారిలో హకీంపేట కలదు. అచ్చటి రాష్ట్ర క్రీడా పాఠశాలయందు బాలబాలికలు చదువుతోపాటు క్రీడలలో శిక్షణ పొందుచుందురు. పరుగు నేర్చువారు ఎచ్చటివారైనను మొదట వినునది ఒకే మాట: "పరుగెత్తునపుడు వెనుకకు చూడరాదు."

ఈ మాటకు కారణము కలదు. తల ప్రక్కకు తిరిగినచో భుజము దాని వెంట తిరుగును, చేతుల ఊపు చెడును, అడుగు కురుచయగును. ఈ నష్టము క్షణకాలపుదే. కాని పందెములో క్షణము మిక్కిలి విలువైనది. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో 400 మీటర్ల హర్డిల్స్ పందెమున పి.టి. ఉష 55.42 సెకనులలో గమ్యము చేరెను. మూడవ స్థానము పొందిన వనిత కాలము 55.41 సెకనులు. సెకనులో నూరవ వంతు తేడాతో పతకము చేజారెను.

నేటి గొప్ప స్టేడియములలో పెద్ద తెరలు నిలుపబడినవి. అవి ప్రేక్షకుల కొరకు ఏర్పడినవే. అయినను ముందు పోవువాడు తల త్రిప్పకయే, కన్నులెత్తి తెరపై తన వెనుకవారిని చూడగలడు. వెనుకనుండి చప్పుడు లేక వచ్చి, కడపటి మలుపులో దాటిపోదలచినవాని ఉపాయము ఇట్లు ముందుగనే బయటపడును. కావున తెరవలన ముందున్నవానికే లాభము మెండు. వెనుకవానికి ముందువాని వీపు ఎట్లును కనబడుచునే యుండును గదా!

అయితే ఈ లాభమునకు హద్దులు కలవు. నూరు మీటర్ల పందెమున తెర చూచుటకు తీరికయే లేదు. దూరపు పందెములలో సైతము తెర కెదురుగా పరుగెత్తునపుడే అది కనబడును. చిత్రమును తీయు కోణమునుబట్టి దూరము ఎక్కువగనో తక్కువగనో తోచును. దానిని నమ్మి వేగము తగ్గించినవాడు మోసపోవును. పోటీదారు తన వెంట వీడియో యంత్రమునుగాని రేడియోనుగాని మైదానములోనికి కొనిపోవుట నిషిద్ధము. అందరికిని కనబడు తెర అట్టిది కాదు.

తెర మరియొక విధమున కూడ పందెమునకు తోడ్పడును. 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున ఆసియా క్రీడలు జరుగుచుండెను. 100 మీటర్ల హర్డిల్స్ తుదిపోటీలో విశాఖపట్టణమునకు చెందిన జ్యోతి యర్రాజీయు, చైనా వనిత వూ యన్నీయు తుపాకి మ్రోగకముందే కదలిరని అధికారులు తలచిరి. ముందు కదలినది తాను కాదని జ్యోతి నిబ్బరముగా వాదించెను. అధికారులు ఆ దృశ్యమును తెరపై మరల పరిశీలించిరి. తుది తీర్పు పిమ్మట చెప్పుదమని ఇరువురిని పరుగెత్తనిచ్చిరి. జ్యోతి 12.91 సెకనులలో మూడవదిగా గమ్యము చేరెను. తరువాత వూ యన్నీ పోటీనుండి తొలగింపబడగా, జ్యోతికి రజత పతకము లభించెను.

ఇందు గమనింపవలసిన విషయ మొకటి కలదు. తెర జ్యోతికి న్యాయము చేకూర్చెను. కాని అంత కలవరము నడుమ మరల గీత వద్ద నిలిచి పది హర్డిల్స్ దాటినది ఆమె కాళ్లే. చూచుటకు తెర ఎంత పెద్దదైనను, పరుగెత్తువాడు నమ్మదగినది తన సాధననే.