ఎం.ఎస్.డబ్ల్యు. చదవదలచినవారికి: కళాశాల ఎంపిక, ఖర్చు, అప్పు లెక్క



మన ట్రస్టుకు వచ్చే ఉపకార వేతనం దరఖాస్తులు పరిశీలించే పనిలో నేనూ ఒక చెయ్యి వేస్తున్నాను. ఇంజనీరింగు, నర్సింగు, బి.కాం. దరఖాస్తుల మధ్య సోషల్ వర్క్‌లో పి.జి. చేస్తామనే పిల్లలవి కూడా వస్తున్నాయి. సంతోషించదగ్గ విషయమే. అయితే “మొత్తం ఖర్చు” అన్న గడిలో చాలామంది ట్యూషన్ ఫీజు ఒక్కటే వేస్తున్నారు. “ఈ కళాశాలనే ఎందుకు ఎంచుకున్నారు” అన్న గడిలో “మంచి పేరుంది” అని రాసి ఊరుకుంటున్నారు. ఆ రెండు గడులు ఆలోచించి నింపడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను సోషల్ వర్క్ చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, విద్యారుణాల ఫైళ్ల మధ్య చాలా ఏళ్లు గడిపి షోలాపూరులోనే రిటైరయ్యాను. కాబట్టి నాకు తెలిసిన లెక్కల వైపు నుంచే చెబుతాను. ఈ వృత్తిలో మొదటి జీతాలు సాధారణంగా పెద్దవి కావు. అందుచేత తక్కువ అప్పుతో చదువు ముగించినవారికే నచ్చిన పనిలో నిలబడే వీలుంటుంది. పెద్ద అప్పు నెత్తిన పెట్టుకున్నవారు వాయిదా కట్టడానికి ఏ ఉద్యోగం దొరికితే అందులో చేరిపోతారు. అప్పుడు చదివిన చదువూ పోతుంది, పెట్టిన డబ్బూ పోతుంది.

1. ఏమిటీ చదువు?

ఇది రెండేళ్ల పి.జి. కోర్సు. కొన్ని సంస్థలు ఎం.ఎస్.డబ్ల్యు. అంటాయి, కొన్ని ఎం.ఎ. సోషల్ వర్క్ అంటాయి. పేరు చూసి గాభరా పడనక్కరలేదు. చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. బి.కాం., బి.ఎస్సీ. వారూ చేరవచ్చు, బి.ఎస్.డబ్ల్యు. చేసి ఉండాలన్న నియమం సాధారణంగా లేదు. సమాజాభివృద్ధి, కుటుంబ శిశు సంక్షేమం, వైద్య-మనోవైద్య రంగం, కార్మిక సంక్షేమం-మానవ వనరులు అన్నవి తరచు కనిపించే శాఖలు.

ఉద్యోగాలు ఎక్కడ అని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. స్వచ్ఛంద సంస్థలు, ఆస్పత్రులు, జిల్లా బాలల సంరక్షణ విభాగాలు, 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాలలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసే పథకాలు ఇందులో ముఖ్యమైనవి. ఫ్యాక్టరీలలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నియమం. అప్పట్లో 500 మంది కార్మికులున్న చోటికే అది వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. మానసిక వైద్యశాలల్లో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలనుకునేవారు మాత్రం ఒక సంగతి ముందే గ్రహించాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం సోషల్ వర్క్ పి.జి. ఒక్కటే చాలదు, దానిపైన రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. ఉండాలి. అంటే ఖర్చు లెక్క రెండేళ్లకు కాదు, నాలుగేళ్లకు వేయాలి.

2. ఎక్కడ చదవవచ్చు?

మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. ఆ సంస్థే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అందరూ ‘టిస్’ అంటారు. ముంబయితో పాటు హైదరాబాదులోనూ, మా షోలాపూరుకు దగ్గరలోని తుళజాపూరులోనూ దానికి ప్రాంగణాలున్నాయి. ముంబయిలోనే నిర్మలా నికేతన్, పుణెలో కర్వే సంస్థ, చెన్నైలో 1952 నుంచి ఉన్న మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్, మంగుళూరులో రోష్నీ నిలయ, భువనేశ్వరులో నిస్వాస్ పేరున్న సంస్థలు. బెంగుళూరు, మైసూరు, ధార్వాడ విశ్వవిద్యాలయాలలోనూ, కలబురగి, తిరువారూరు కేంద్రీయ విశ్వవిద్యాలయాలలోనూ, పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలోనూ సోషల్ వర్క్ విభాగాలున్నాయి. యానాం వారికీ, బరంపురం వారికీ విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం రైలు ప్రయాణానికి అనువుగా ఉంటుంది.

“మనం తెలుగువాళ్లమే కదా, ఆంధ్రాలోనో తెలంగాణలోనో సీటు సులభంగా వస్తుంది” అని కొందరు అనుకుంటారు. అది సరికాదు. అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో స్థానికత తేలేది చదివిన చోటును, నివాసాన్ని బట్టి. మాతృభాషను బట్టి కాదు. తరతరాలుగా బయట స్థిరపడిన మన పిల్లలు అక్కడ స్థానికేతరులు. దరఖాస్తు రుసుము కట్టే ముందే ఆ నిబంధన చదివి, మనకు ఏ సీట్లు వర్తిస్తాయో, వాటి ఫీజు ఎంతో తెలుసుకోండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో ఈ ఇబ్బంది తక్కువ.

ఫీజు దగ్గర మరొక మెలిక ఉంది. ఒకే కళాశాలలో ప్రభుత్వ సాయం ఉన్న ఎయిడెడ్ సీట్లు, సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు రెండూ ఉండవచ్చు. గోడ ఒకటే, గురువులు కూడా కొంతవరకు వారే, ఫీజులో మాత్రం చాలా తేడా. దరఖాస్తులో దేనికి టిక్కు పెడుతున్నారో చూసుకోండి.

3. మొత్తం ఖర్చు లెక్క

కాగితం తీసుకుని ఈ పద్దులు వరుసగా రాయండి: ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టలు, మెస్సు, ఫీల్డ్ వర్క్‌కు తిరిగే బస్సు ఖర్చు, గ్రామీణ శిబిరం, డిసర్టేషన్ టైపింగు-బైండింగు, కోర్సు చివర్లో ఏదైనా సంస్థలో నెలరోజులు పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంటు. చివరి నాలుగూ ఇతర పి.జి.లలో అంతగా ఉండవు. అందుకే మనవాళ్ల అంచనాలలో జారిపోతుంటాయి. ఫీల్డ్ వర్క్ మామూలుగా వారానికి రెండు రోజులు ఉంటుంది. పార్ట్ టైం ఉద్యోగం చేసుకుంటూ చదువుకుంటానంటే రెగ్యులర్ కోర్సులో కుదరడం కష్టం.

ఉదాహరణకు రెండు ఊహా కళాశాలలు తీసుకుందాం. మొదటిది దూరపు ఊళ్లో ఉంది. ఫీజు ఏడాదికి 50,000 చొప్పున 1,00,000 రూపాయలు. హాస్టలు, మెస్సు నెలకు 9,000 చొప్పున 20 నెలలకు 1,80,000. ఫీల్డ్ వర్క్, శిబిరం, డిసర్టేషన్‌కు 20,000. మొత్తం 3,00,000. రెండోది ఇంటి నుంచి వెళ్లి రాగలిగినది. ఫీజు ఏడాదికి 15,000 చొప్పున 30,000. రాకపోకలు, మధ్యాహ్నం భోజనం నెలకు 2,500 చొప్పున 20 నెలలకు 50,000. మిగతావి అవే 20,000. మొత్తం 1,00,000. ఈ రెండింటి మధ్య తేడా 2 లక్షలు. అందులో ఫీజు తేడా 70,000 మాత్రమే, మిగతా 1,30,000 తిండికీ బసకూ అయ్యేదే. ఫీజు ఒక్కటే పోల్చి కళాశాల ఎంచుకోవద్దని చెప్పేది ఇందుకే.

4. అప్పు తీసుకుంటే

బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు విద్యారుణానికి ఆస్తి తాకట్టు అడగరు, మన వంతు మార్జిన్ సొమ్ము కూడా ఉండదు. తల్లి గాని తండ్రి గాని సహరుణగ్రహీతగా సంతకం చేస్తారు. కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవు. కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

పై 3 లక్షలూ అప్పే అనుకుందాం. ఏటా మొదట్లో లక్షన్నర చొప్పున విడుదలైంది, వడ్డీ 10 శాతం. మొదటి లక్షన్నర మీద మూడేళ్లకు 45,000, రెండో లక్షన్నర మీద రెండేళ్లకు 30,000, వెరసి 75,000. వాయిదాలు మొదలయ్యే నాటికి అప్పు 3,75,000. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 6,225 రూపాయలు. అదే లక్ష అప్పయితే ఇదే లెక్కన నెలకు సుమారు 2,075. మొదటి జీతం 20,000 అనుకోండి. మొదటివారి జీతంలో మూడో వంతుకు దగ్గరగా వాయిదాకే పోతుంది. రెండోవారికి పోయేది పదో వంతు. ఊరు కాని ఊళ్లో గది అద్దె కట్టుకుని మొదటివారు ఎన్నాళ్లు నెగ్గుకొస్తారో మీరే ఆలోచించండి.

దూరపు కళాశాలే కావాలనుకుంటే ఒక ఉపాయం ఉంది. చదువుకునే రోజుల్లోనే వడ్డీ కట్టుకుంటూ పోవడం. మొదటి ఏడాది నెలకు 1,250, తరువాత 2,500 ఇంటివారు కట్టగలిగితే అసలు 3 లక్షల దగ్గరే ఆగుతుంది, వాయిదా సుమారు 4,980కి దిగుతుంది. ఇలా కట్టేవారికి చాలా బ్యాంకులు వడ్డీలో ఒక శాతం తగ్గింపు ఇస్తాయి. బ్రాంచిలో అడిగి, మంజూరు పత్రంలో ఆ మాట రాయించుకోండి.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకాన్ని కూడా చూడండి. కేంద్రం ప్రకటించిన జాబితాలోని సంస్థలలో సీటు వస్తే తాకట్టు, హామీ లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పొందనివారికి 10 లక్షల వరకు రుణంపై వాయిదాలు లేని కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. మీ కళాశాల ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోండి.

5. ఉపకార వేతనాలు, కాగితాలు

ఎస్.సి. విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయ పరిమితి 2.5 లక్షలు. వేరే రాష్ట్రంలో చదివినా దరఖాస్తు మాత్రం నివాసమున్న రాష్ట్రం ద్వారానే చేయాలి. మాకు మహారాష్ట్ర, బరంపురం వారికి ఒడిశా. యు.జి.సి. 2023లో ప్రకటించిన పి.జి. స్కాలర్‌షిప్ నెలకు 15,000 చొప్పున ఏడాదికి 10 నెలలు ఇచ్చేది. ఇటువంటివన్నీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా చూస్తుండాలి.

కులం సర్టిఫికెట్ విషయంలో జాగ్రత్త. ఒకే కులం ఆంధ్రాలో ఒక జాబితాలో, తమిళనాడులో మరో జాబితాలో ఉండవచ్చు. చెల్లేది మీరు నివసించే రాష్ట్రపు జాబితా. కేంద్ర సంస్థలు ఓ.బి.సి. వారిని కేంద్ర నమూనాలో కొత్తగా తీసిన నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ అడుగుతాయి. రాష్ట్రపు కాగితం పట్టుకుని వెళితే తిప్పి పంపుతారు.

ఇంకొకటి మనవాళ్లకే ప్రత్యేకమైన చిక్కు: పేరు. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, మరాఠీ పద్ధతిలో తండ్రి పేరు మధ్యన, ఇంటిపేరు చివర, తమిళనాట ఇనీషియల్ ఒక్కటే. పదో తరగతి మార్కుల జాబితాలో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకు పాసుబుక్కులో మరో తీరు ఉంటే స్కాలర్‌షిప్ డబ్బు ఖాతాలో పడదు. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగానే మూడూ ఒక్కలా సరిచేయించుకోండి.

6. భాష మన పెట్టుబడి

ఫీల్డ్ వర్క్ అంటే జనంతో మాట్లాడటమే. మా షోలాపూరులో బీడీలు చుట్టే ఆడవాళ్లలో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, ఆఫీసు కాగితాలు మాత్రం మరాఠీలో ఉంటాయి. రెండూ వచ్చిన విద్యార్థి అక్కడ మొదటి రోజునే పని మొదలుపెట్టగలడు. హోసూరు పిల్లలకు తెలుగు, తమిళం, కన్నడం వస్తాయి. బరంపురం పిల్లలకు తెలుగు, ఒడియా. ఈ బలం ఉపయోగపడే చోట చదివితే ఫీల్డ్ వర్క్ బాగా సాగుతుంది, దాని ద్వారా ఉద్యోగమూ దొరికే అవకాశం ఉంటుంది. దగ్గరి కళాశాల ఎంచుకోవడం కేవలం డబ్బు లేక చేసే పని అనుకోకండి.

7. దరఖాస్తు, ఇంటర్వ్యూ

కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సి.యు.ఇ.టి.-పి.జి. పరీక్ష రాయాలి. టిస్ కూడా తన సొంత పరీక్ష మాని 2024 ప్రవేశాల నుంచి ఈ మార్గానికే వచ్చింది. ఇందులో 75 ప్రశ్నలుంటాయి. ఒప్పుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. పరీక్ష ఇటీవలి ఏళ్లలో మార్చిలో జరుగుతోంది, దరఖాస్తులు డిసెంబరు, జనవరి నెలల్లోనే తీసుకుంటున్నారు. అంటే డిగ్రీ చివరి ఏడాదిలో సంక్రాంతికి ముందే సిద్ధం కావాలి. ఫలితాలు వచ్చాక చూద్దామనుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల ప్రకటనలు ఆ తరువాత వస్తాయి. ఒక కేంద్ర సంస్థ, రెండు రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, ఇంటికి దగ్గరి ఒక ఎయిడెడ్ కళాశాల, ఇలా నాలుగింటికి దరఖాస్తు చేస్తే చాలు.

ఇంటర్వ్యూలో “పేదలకు సేవ చేయాలని ఉంది” అని అందరూ అంటారు. మీ వీధిలో మీరు చూసినది చెప్పండి. రేషను కార్డు కోసం తిరిగిన పక్కింటామెకు ఏ కాగితం అడ్డుపడిందో, బడి మానేసిన పిల్లవాడు ఎందుకు మానేశాడో చెప్పగలిగితే అదే మంచి జవాబు. ఇంటర్వ్యూకు ముందు రెండు మూడు నెలలు ఏదైనా సంస్థలో ఉచితంగానైనా పనిచేసి చూడండి. ఈ పని మీకు నచ్చుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

ఉద్యోగం చేస్తున్నవారికీ, ఇల్లు వదలలేనివారికీ ఇగ్నో దూరవిద్య ఎం.ఎస్.డబ్ల్యు. ఉంది. అందులోనూ ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. “క్లాసులు లేవు, ఫీల్డ్ లేదు, డిగ్రీ గ్యారంటీ” అని వీధి చివర బోర్డు పెట్టే కేంద్రాలకు మాత్రం రూపాయి కట్టవద్దు. దూరవిద్య అయితే ఆ ఏడాదికి యు.జి.సి. అనుమతి జాబితాలో ఆ విశ్వవిద్యాలయం, ఆ కోర్సు రెండూ ఉన్నాయో లేదో చూడాలి.

ఫీజు కట్టే ముందు అడగవలసినవి

సీటు ఎయిడెడా, సెల్ఫ్ ఫైనాన్సా? రెండేళ్లకు కలిపి రాతపూర్వకంగా ఎంత? ఫీల్డ్ వర్క్ ఏయే సంస్థలలో, వారానికి ఎన్ని రోజులు, పర్యవేక్షించేదెవరు? గత సంవత్సరం విద్యార్థులు ఎక్కడ చేరారు? సీటు వదులుకుంటే ఎంత వెనక్కి ఇస్తారు? జవాబులు ఆఫీసులోనే కాక, అక్కడ చదువుతున్న ఇద్దరు విద్యార్థులను కూడా అడగండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. “ఇంత చదివి ఊళ్లు తిరగడమేమిటి” అని పిల్లలను నిరుత్సాహపరచకండి. అలాగే పిల్లలు పట్టుబట్టారని ఖరీదైన కళాశాలకు కళ్లు మూసుకుని సంతకమూ పెట్టకండి. ఇద్దరూ కలిసి కూర్చుని మూడో అంశంలోని పద్దులు రాసి, నాలుగో అంశంలోని వాయిదా లెక్క కట్టండి. ఆ కాగితాన్నే మన ట్రస్టు దరఖాస్తుకు జతచేయండి. పరిశీలించేవారికి మీ అవసరం ఎంతో స్పష్టంగా తెలుస్తుంది.