శనక్కాయ ఊడ దిగే నేల

ఉరవకొండ,
ఆషాఢమాసం.

మనవరాలికి,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివినాను. కాలేజీ పోటీకి ‘ఒక తూర్పు ఆఫ్రికా దేశాన్ని తీర్చిదిద్దినవాళ్ళు’ అని విషయం ఇచ్చినారనీ, టాంజానియాను ఎంచుకున్నాననీ రాసినావు. దస్తూరీ ముత్యాల్లా ఉంది. కానీ తల్లీ, ఆ నాలుగు పేజీల్లో నాకు మనిషి దొరకలేదు. జూలియస్ నైరేరే 1922లో పుట్టినాడు, 1961లో దేశానికి స్వాతంత్ర్యం తెచ్చినాడు, 1985లో పదవి దిగినాడు, 1999లో పోయినాడు. అన్నీ నిజాలే. ఆయన వల్ల అక్కడి పల్లెలో పొద్దున లేచిన రైతుకు ఏం మారిందో మాత్రం ఒక్క ముక్క లేదు.

ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి, అన్నేళ్ళూ మెట్టచేలో శనక్కాయ వేసినవాణ్ణి. నాకు తెలిసిన దారి ఒకటి చెప్తాను. పేరుతో మొదలుపెట్టవద్దు. కంటి ముందున్న వస్తువుతో మొదలుపెట్టు. కాలువ, బావి, పొలం పాసుపుస్తకం, పాత పత్రిక, ఏదైనా సరే. దాని వెంట వెనక్కి నడుచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మనిషి ఎదురవుతాడు. అప్పుడు ఆయన చేసిన మేలూ కనబడుతుంది, చెరుపూ కనబడుతుంది.

టాంజానియా గురించి నేనే రాస్తే శనక్కాయతో మొదలుపెట్టేవాణ్ణి. ఆశ్చర్యపోవద్దు. రెండో ప్రపంచయుద్ధం ముగిసినాక బ్రిటన్‌లో వంటనూనెకు కటకట వచ్చింది. టాంజానియా అప్పుడు టాంగనీకా, తెల్లవాళ్ళ ఏలుబడిలో ఉండేది. అక్కడ అడవి కొట్టి ఆరేళ్ళలో 32 లక్షల ఎకరాల్లో శనక్కాయ పండించాలని లండన్‌లో లెక్కలు వేసినారు. 1947లో కొంగ్వా అనే చోట పని మొదలైంది. బుల్‌డోజర్లు దించినారు, యుద్ధంలో మిగిలిన ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చి తోలినారు. వానలు చాలలేదు. అంతకన్నా పెద్ద దెబ్బ మట్టి కొట్టింది. తడిసి ఆరితే అది ఇటుకలా బిగుసుకుపోయే బంకమన్ను. 1951లో పథకాన్ని వదిలేసినారు. 3 కోట్ల 60 లక్షల పౌన్లు మట్టిపాలైనాయి.

శనక్కాయ గురించి నీకు చిన్నప్పుడు చేలో చూపించింది గుర్తుందా? పూత పైన పూస్తుంది, కాయ కింద కాస్తుంది. పువ్వు వాడినాక దాని మొదట్లోంచి ఊడ బయలుదేరి, వంగి, నేలలోకి దిగాలి. దిగితేనే కాయ. నేల గట్టిబడితే ఊడ దిగదు. ఒకవేళ దిగి కాయ ఊరినా, పీకే నాటికి చెట్టు చేతికొస్తుంది, కాయ మట్టిలోనే తెగిపోతుంది. మన ఊరి రైతును ఎవరినైనా కొంగ్వాకు తీసుకుపోయి ఉంటే పిడికెడు మట్టి తడిపి, ఎండబెట్టి, నలిపి చూసి, ఇక్కడ వద్దు స్వామీ అని ఉండేవాడు. అంత పెద్ద పనిలో ఆ నేల మీద పుట్టినవాళ్ళను అడగాలని ఎవరికీ తోచలేదు. నైరేరే చేతికి దేశం వచ్చింది ఆ తరువాత పదేళ్ళకే. తుప్పుపట్టిన ఆ ట్రాక్టర్లను దాటుకుంటూ వస్తే నీ వ్యాసంలోకి ఆయన నడిచి వస్తాడు.

ఈ దారిలో నడవడం ముందు మన నేల మీద నేర్చుకో. మన పొలం పాసుపుస్తకంలో సర్వే నంబరు ఉంది కదా. దాని వెంట వెనక్కి పో. నడుమ ఎన్నిసార్లో తిరిగి కొలిచినారు, నంబర్లు మారినాయి. కానీ పొలం పొలానికీ ఒక కొలత, ఒక పన్ను, ఎదురుగా ఒక రైతు పేరు ఉండాలన్న పద్ధతి ఇక్కడ పాదుకున్నది థామస్ మన్రో కాలంలో. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేసినాక ఆయన మొదటి కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఎక్కువ కాలం గుడారాల్లో బతుకుతూ ఊరూరా తిరిగినాడు. ఎనభై మంది దాకా ఉన్న పాళెగాళ్ళను అణచి, రైతుతో నేరుగా లెక్క పెట్టుకున్నాడు. దొరలకూ జమీందార్లకూ నడుమ నలిగిన చోట్లతో పోల్చి చూస్తే అది పెద్ద మార్పు.

అయితే ఆ రైతు మీద బరువైన పన్ను మోపిందీ ఆయనే. ఈ వానలకు, ఈ నేలకు అది మోయలేని భారమని తిరిగి తిరిగి తెలుసుకున్నాడు. పోయేముందు నాలుగో వంతు తగ్గించమని పైకి రాసినాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. పదమూడేళ్ళ తరువాత 1820లో మద్రాసు గవర్నరై వచ్చి, తానే ఆ తగ్గింపు అమలుచేసినాడు. మన్రోను నేను గౌరవించేది ఇందుకు. తాను వేసిన లెక్క తప్పని ఒప్పుకుని, దాన్ని దిద్దే దాకా పదమూడేళ్ళు మరిచిపోలేదు. 1827లో ఈ సీమను మళ్ళీ చూడవచ్చి పత్తికొండలో కలరాతో పోయినాడు, గుత్తిలో పూడ్చినారు. తరువాత అస్థికలను మద్రాసుకు తరలించినారు. మనవాళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పరాయి ప్రభుత్వానికి శిస్తు వసూలు చేసినవాడి పేరు బిడ్డకు పెట్టుకున్నారంటే, అంతకుముందు ఎంత గాసి పడి ఉంటారో ఆలోచించు.

పత్రిక వెంట పోతే పప్పూరు రామాచార్యులు గారు ఎదురవుతారు. 1926లో అనంతపురంలో ‘శ్రీ సాధన పత్రిక’ పెట్టినారు. కరువు సీమలో వారపత్రిక నడపడమంటే చందాల కోసం ఊళ్ళు తిరగడం, జైలుకు పోవడం, మళ్ళీ వచ్చి అచ్చుయంత్రం ముందు నిలబడడం. అప్పటికి మనల్ని దత్తమండలాలనేవాళ్ళు, ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని. 1928లో నంద్యాల సభల్లో ఆ పేరు తీసేసి రాయలసీమ అని పెట్టుకున్నారు. ఆ మాట అందించింది అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు. ఆయన ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు! పేరు మారితే వాన పడుతుందా అని ఒక పిల్లవాడు నన్ను క్లాసులో అడిగినాడు. వాన పడదు. కానీ తనను తాను ఒక సీమగా ఎరుగని జనం నీళ్ళలో వాటా అడగలేరు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా నాయకులతో కూర్చున్నప్పుడు సీమ నాయకులు అడిగినారు. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్ళలో పదేళ్ళు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమకూ నెల్లూరుకూ మొదటి హక్కు అని రాయించుకున్నారు. మన జిల్లా నుంచి రామాచార్యులు గారూ, కల్లూరు సుబ్బారావు గారూ ఆ ఒప్పందంలో ఉన్నారు.

ఆ కాగితం ఎంత నెరవేరిందో కాలువ గట్టున నిలబడితే తెలుస్తుంది. తుంగభద్ర ఆనకట్టకు 1945లో పునాది వేసినారు, 1953లో కాలువలకు నీళ్ళు వదిలినారు. మనకొచ్చేది ఎగువ కాలువ. కర్ణాటకలో నూరు కిలోమీటర్లకు పైగా పారి బొమ్మనహాళ్, కణేకల్ మీదుగా మన వైపుకు తిరుగుతుంది. మన పెన్నహోబిలం పేరు పెట్టుకున్న జలాశయం దాని మీద ఆధారపడిందే. లెక్క ప్రకారం మన వాటా 32.5 టీఎంసీలు. ఆనకట్ట కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 105కు పడిపోయింది. పైన తగ్గిన ప్రతి చుక్కా కాలువ చివరి రైతుకే తగ్గుతుంది. మనం కాలువకు పైగట్టున ఉన్నాం కాబట్టి ఆ నీళ్ళు చూడగలం, వాడుకోలేం. అయినా 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయిందని విన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఏటా నిండని ఆ కొలను కళ్ళముందే ఏటి పాలవుతూ ఉండింది. చిత్తూరు వైపు పెద్దాయన, గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు వచ్చి, పారే నీళ్ళలోనే వారం రోజుల్లో అడ్డుగేటు దించేదాకా ఊళ్ళో అందరిదీ ఒకటే మాట. రేపు ఎవరైనా ‘సీమను తీర్చిదిద్దినవాళ్ళు’ అని రాస్తే ఆయనకు ఒక పేరా ఇవ్వకపోతే నేను ఊరుకోను.

మన జిల్లావాళ్ళే అయిన నీలం సంజీవరెడ్డి గారు, తరిమెల నాగిరెడ్డి గారు నీకు పాఠ్యపుస్తకంలోనే దొరుకుతారు. బావాబావమరుదులు. 1952 ఎన్నికల్లో జైల్లో ఉండి పోటీచేసిన నాగిరెడ్డి చేతిలో సంజీవరెడ్డి ఓడిపోయినారు. తరువాత ఒకరు రాష్ట్రపతి భవనానికి చేరినారు, ఇంకొకరు అజ్ఞాతంలోనే 1976లో కన్నుమూసినారు. ఒకే ఇంటి గడప నుంచి రెండు దారులు.

ఇక బావి. 1968లో మహారాష్ట్ర నుంచి వెళ్ళిపొమ్మంటే స్పెయిన్ దేశపు పాదిరి విసెంటె ఫెర్రర్ వెళ్ళినారు, మరుసటి ఏడు అనంతపురానికి వచ్చినారు. తరువాత పాదిరి వృత్తి వదిలి, ఆన్ గారిని పెళ్ళాడి, గ్రామీణాభివృద్ధి ట్రస్టును ఇద్దరూ కలిసి నడిపినారు. మొదట బావులు. తరువాత దళితవాడల్లో పక్కా ఇళ్ళు, బడులు, బత్తలపల్లిలో పెద్దాసుపత్రి, మన పక్కనే కణేకల్‌లో ఇంకొకటి. 2009లో ఇక్కడే పోయినారు. 1995లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు తాగునీటి పని మొదలుపెట్టి ఏడాదిన్నరలో ఏడువందలకు పైగా ఊళ్ళకు నీళ్ళు ఇచ్చింది. మీ అమ్మమ్మ మైళ్ళు నడిచి నీళ్ళు మోసిన మనిషి. వీధిలో కొళాయి మొదటిసారి తిప్పినప్పుడు ఆమె చాలాసేపు చేయి కింద పెట్టుకుని నిలబడింది. ఆ దృశ్యం ఏ నివేదికలోనూ ఉండదు.

పేరు లేని బలం ఒకటి ఉంది, దాన్ని మరిచిపోతే వ్యాసం అబద్ధమవుతుంది. మన సీమ బతుకును గత శతాబ్దంలో అందరికన్నా ఎక్కువ మార్చింది శనక్కాయ. 1940లో తిండివనం నుంచి టీఎంవీ-2 రకం వచ్చింది. నూనె మిల్లులు కొన్నాయి, చేతిలో డబ్బు ఆడింది. నా చదువు ఆ డబ్బే. కొర్ర, ఆరికె, సజ్జ ఒక్కొక్కటే చేను విడిచిపోయినాయి. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా ఇదొక్కటే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా అదునుకు రాదు. అందరూ ఒకే పంట మీద ఉన్నప్పుడు ఆగస్టులో వాన వెనక్కి పోతే ఊరంతా ఒకేసారి కూలుతుంది. బోర్ల మీద బోర్లు వేసి అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్ళలో నా దగ్గర చదువుకున్న పిల్లలు ఉన్నారు. వాళ్ళ గురించి రాయాలంటే నాకు చేయి రాదు. తొలి విత్తనం చల్లిన నాడు మనం కూడా నేలను పూర్తిగా అడగలేదేమో అని ఈ వయసులో అనిపిస్తుంది.

నీ వ్యాసంలో ఆడవాళ్ళు ఎవరూ లేరు. మన దగ్గరా అంతే. ధాతు నామ సంవత్సరం నాటి కరువు పనుల్లో గంపలతో మన్ను మోసింది వాళ్ళు, 1952 కరువులో గంజి కేంద్రం ముందు బిడ్డను చంకన పెట్టుకుని నిలబడింది వాళ్ళు. నేను నాలుగేళ్ళ వాణ్ణి, మా అమ్మ చెంబు పట్టుకుని వరసలో ఉండేది. చెరువు కట్టల మీద ఒక్కరి పేరూ లేదు. టాంజానియాలో నీకు ఒక పేరు దొరుకుతుంది, బీబీ తితి మహమ్మద్. పాటలు పాడే ఆడవాళ్ళ బృందాల్లో ఉండి, 1955 నుంచి వేలమంది స్త్రీలను నైరేరే పార్టీ వైపు కూడగట్టింది. స్వాతంత్ర్యం వచ్చినాక అదే ప్రభుత్వం రాజద్రోహం నేరం మోపి జైల్లో పెట్టింది, 1972లో వదిలింది. ఆమె లేకుండా నైరేరేను రాస్తే సగం మనిషినే రాసినట్టు.

నైరేరే బడిపంతులు. అక్కడివాళ్ళు ఆయన్ని ‘ఎంవాలిము’ అనేవాళ్ళు, అంటే గురువు. నూరుకు పైగా తెగలున్న దేశాన్ని స్వాహిలి భాష ఒక్కదాని కిందికి తెచ్చినాడు. షేక్‌స్పియర్ నాటకాలను తానే స్వాహిలిలోకి అనువదించినాడు. ఆ అనువాదాన్ని వస్తువుగా పట్టుకో, వ్యాసం బలపడుతుంది. 1967 అరూషా ప్రకటన తరువాత రైతులంతా కలిసి ఉండే ఉజమా పల్లెలన్నాడు. ఆశయం గొప్పది. కానీ 1973 నుంచి జనాన్ని బలవంతంగా బండ్లెక్కించి కొత్త ఊళ్ళకు తరలించినారు. పాత ఇళ్ళు మళ్ళీ కాపురం పెట్టకుండా పాడుచేసిన చోట్లు ఉన్నాయి. తిండిగింజలకు కరువొచ్చింది. కొంగ్వాలో తెల్లవాళ్ళు చేసిన పొరపాటును సొంత దేశస్థుడే ప్రేమతో మళ్ళీ చేసినాడని నాకు బాధ. అయినా 1985లో తనంత తానే కుర్చీ దిగినాడు. మన ప్రభుత్వం గాంధీ శాంతి బహుమతి మొదటిసారి ఇచ్చినప్పుడు, 1995లో, ఇచ్చింది ఆయనకే. ఆయన మేలునూ చెరుపునూ ఒకదాని పక్కన ఒకటి పెట్టు. ఏదీ దాచవద్దు, ఏదీ పెంచవద్దు.

వ్యాసం తిరగరాయడానికి ఇంకా పదిరోజులు గడువు ఉందన్నావు, చాలు. ఈ కవరుతో పాటు పొట్లంలో కదిరి-6 విత్తనాలు పంపుతున్నాను. వాటి మీది ఎర్ర తోలు పోనీయవద్దు. మీ హాస్టలు మిద్దె మీద రెండు కుండీలు పెట్టి నాలుగేసి గింజలు వెయ్యి. ఒక కుండీలో మట్టిని వారానికోసారి పుల్లతో గుల్ల చెయ్యి. రెండోదాన్ని తడిపి ఎండనిచ్చి అట్లే బిగుసుకోనియ్యి. నెలలోపల పసుపు పూత వస్తుంది. నలభై రోజులకు ఊడలు దిగడం మొదలవుతుంది. రెండు కుండీల్లో ఏమైందో చూసి ఉత్తరం రాయి.

ఇట్లు,
తాత