గాలిగొట్టంలో మచ్చ ఎందుకు కడుతుంది?

వెంటిలేటర్ మీద నుండి బయటపడి ఇంటికి చేరిన మనిషికి కొన్ని వారాల తరువాత ఆయాసం మొదలైతే మీరేమనుకుంటారు? నిమ్ము చేసిందనో, ఉబ్బసం పట్టుకుందనో అనుకుంటారు. చాలాసార్లు అదే నిజం కావచ్చు. అయితే కొందరిలో గొంతు క్రింద గాలిగొట్టం లోపల మచ్చ కట్టి, దారి ఇరుకైపోతుంది. ఇది అరుదైన జబ్బు. అందుకే ఎవరికీ వెంటనే తట్టదు.

రాజుపాలెం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాలలో సేద్యం చేసే ఇళ్ళలో పురుగుల మందు ఉంటుంది. కొన్ని రకాల మందులు కడుపులోకి పోతే ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. అప్పుడు నోటి గుండా గాలిగొట్టంలోకి ట్యూబు వేసి వెంటిలేటర్ పెడతారు. ఆ ట్యూబే ప్రాణం నిలుపుతుంది, దాన్ని వద్దనకండి. కానీ అది రోజుల తరబడి ఉన్నప్పుడు లోపల ఏమి జరుగుతుందో మీరు తెలుసుకోవాలి.

స్వరపేటిక అడుగున క్రికాయిడ్ అనే మెత్తటి ఎముక ఉంగరంలా చుట్టూ మూసుకొని ఉంటుంది. అక్కడ వాపు వస్తే బయటికి సాగడానికి చోటు లేదు, లోపలికే పెరగాలి. ఇక ట్యూబు చివర చిన్న గాలి బుడగ ఉంటుంది. దాని ఒత్తిడి 20 నుండి 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానంగా ఉంచాలి. అంతకు మించితే లోపలి పొరలోని సన్నని రక్తనాళాలు నలిగి, పొరకు రక్తం అందక పుండు పడుతుంది. ట్యూబు రాపిడి వల్ల కూడా పుండు పడవచ్చు.

పుండు పడగానే రక్షక కణాలు అక్కడికి చేరి టి.జి.ఎఫ్. బీటా వంటి సందేశ పదార్థాలను విడుదల చేస్తాయి. ఆ కబురు అందుకొనేవి ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు. వీటిని మన శరీరంలోని మేస్త్రీలు అనుకోండి. ఇవి కొల్లాజెన్ అనే గట్టి నారను అల్లి పుండును పూడుస్తాయి. వాటిలో కొన్ని రూపం మార్చుకొని కండరంలా ముడుచుకుంటాయి. కాలిన గాయం మానాక మోచేయి వంకర తిరిగిన వారిని మీరు చూసే ఉంటారు, ఇదీ అటువంటిదే. మామూలు గాయంలో పని ముగిశాక ఈ కణాలు చాలావరకు నశిస్తాయి. ఇక్కడ మాత్రం అవి ఆగకుండా నార అల్లుతూనే ఉంటాయి.

అసలు ట్యూబే వేయకుండా ఇదే చోట మచ్చ కట్టే జబ్బు మరొకటి ఉంది. అది ఇంకా అరుదు. దాదాపు అందరూ స్త్రీలే, ఎక్కువగా 30 నుండి 50 ఏళ్ళవారు. 1972లో వైద్యులు దీనిని మొదట వర్ణించారు. కారణం తెలియనిది అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. ఆ మచ్చలో ఇంటర్‌ల్యూకిన్-17ఎ అనే సందేశ పదార్థం ఎక్కువగా ఉన్నట్లు అమెరికా పరిశోధకులు 2016లో కనుగొన్నారు. అది కూడా ఫైబ్రోబ్లాస్టులను రెచ్చగొడుతుంది.

ఉబ్బసంలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తాయి. ఈ జబ్బులో ఊపిరి పీల్చేటప్పుడు గొంతు దగ్గర గరగరమని శబ్దం వస్తుంది. ఇన్‌హేలర్ వాడినా తగ్గదు. ఛాతీ ఎక్స్‌రే బాగానే కనిపించవచ్చు. దారి సుమారు 8 మిల్లీమీటర్లకు తగ్గేవరకు నడకలో ఆయాసం తెలియకపోవచ్చు. 5 మిల్లీమీటర్లకు వస్తే కూర్చున్నా ఆయాసమే. అంటే ఆయాసం తెలిసే సరికే ఇరుకు చాలా ముదిరి ఉంటుంది!

సన్నని కెమెరా గొట్టంతో చూస్తే, లేదా సి.టి. స్కాన్ తీస్తే ఇరుకు బయటపడుతుంది. బెలూనుతోనో లేజరుతోనో వెడల్పు చేస్తారు, స్టెరాయిడ్ సూది వేస్తారు. ఆ కణాలు మళ్ళీ పనికి దిగితే ఇరుకు తిరిగి వస్తుంది. అది డాక్టరు సరిగా చేయకపోవడం వల్ల అని తొందరపడి అనుకోకండి. కొందరికి ఆ ముక్కను తీసివేసి రెండు కొసలు కలిపి కుట్టవలసి వస్తుంది. ఇది పెద్ద ఆపరేషను, అనుభవమున్న చోటే చేయించాలి.

ఇంటికి వచ్చాక మూడు నెలల వరకైనా ఊపిరి శబ్దం, గొంతు మార్పు గమనిస్తూ ఉండండి. అనుమానం వస్తే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. కూర్చున్నా ఊపిరి అందకపోతే, పెదవులు నీలమైతే 108కి ఫోను చేయండి. డిశ్చార్జి కాగితం తప్పక తీసుకువెళ్ళండి. ట్యూబు ఎన్ని రోజులు ఉంచారో డాక్టరు మొదట అడిగేది అదే.