ప్రశ్నలు - జవాబులు: ఈసీయూ కన్నా ముందు వైరింగ్

ప్రశ్న: కార్బురేటర్‌తో నడిచే పాత జిప్సీ కింగ్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించాలని ఆలోచన. మెగాస్క్విర్ట్, స్పీడుయినో లాంటి ఈసీయూలు (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్లు) సరిపోతాయా, హాల్‌టెక్, మోటెక్ లాంటి ఖరీదైనవే తీసుకోవాలా?
- హైదరాబాద్ పాఠకుడు

జవాబు: ముందు ట్యూన్ చేసే మనిషిని వెతకాలి, ఈసీయూ సంగతి ఆ తర్వాత. ఆయన చేయి తిరిగిన ఈసీయూ ఏదైతే అదే ఈ బండికి మంచిది. ఆర్డుయినో మెగా బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ స్పీడుయినో అయినా, ఆస్ట్రేలియా నుంచి వచ్చే హాల్‌టెక్ అయినా టర్బో లేని 1.3 లీటర్ల ఇంజిన్‌కి పెట్రోలు, స్పార్కు లెక్కగా అందించగలవు. ఖరీదైన వాటిలో సిద్ధంగా దొరికేవి నాకింగ్ పసిగట్టడం, ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఇంజిన్‌ని ఆపేయడం, నీళ్లు చొరబడని కనెక్టర్లు. టర్బో బిగించేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

ఖరీదైన ఈసీయూ కొనకపోతే మిగిలే డబ్బు వైరింగ్ మీద, క్రాంక్ సెన్సర్ మీద పెట్టాలి. క్రాంక్ పుల్లీకి బిగించే 36-1 పళ్ల చక్రంలో పది డిగ్రీలకొక పన్ను ఉంటుంది, ఒక్కచోట మాత్రం ఖాళీ. పిస్టన్ ఎక్కడుందో ఈసీయూకి తెలిసేది ఆ ఖాళీని బట్టే. మాగ్నెటిక్ సెన్సర్ తీగలు రెండూ తారుమారైనా బండి స్టార్ట్ కావచ్చు, ఐడిల్‌లో బాగానే ఆడొచ్చు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ టైమింగ్ మాత్రం జారిపోతుంటుంది. ఇలాంటప్పుడే చాలామంది ఈసీయూ చెడిపోయిందనుకుని కొత్తది కొంటారు. సెన్సర్ల ఎర్త్‌ని బాడీకి బిగించకుండా తిరిగి ఈసీయూకే తేవాలి.

ఇంజెక్టర్ సైజు కాగితం మీదే తేలిపోతుంది. ఒక హార్స్‌పవర్‌కి గంటకు సుమారు అర పౌను పెట్రోలు. 100 హార్స్‌పవర్‌కి 50 పౌన్లు, నాలుగు ఇంజెక్టర్లకు పంచితే పన్నెండున్నర. ఇంజెక్టర్‌ని 80 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి దాదాపు 16 పౌన్లది కావాలి, అంటే నిమిషానికి 165 సీసీ. మరీ పెద్దవి వేస్తే ఐడిల్ కుదరక తిప్పలు పడాలి.

ప్రశ్న: ఈసీయూ ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆటోట్యూన్ ఉంది కదా. అది ఆన్ చేసి నాలుగు రోజులు తిప్పితే సరిపోదా?
- విశాఖపట్నం పాఠకుడు

జవాబు: సరిపోదు. ఆటోట్యూన్ సరిచేసేది పెట్రోలు పట్టికను మాత్రమే. ఇంజిన్‌ని బద్దలు కొట్టేది ఎక్కువగా ఇగ్నిషన్ టైమింగ్, దాని జోలికి అది పోదు.

అసలు స్టార్ట్ చేయకముందే ఒక పరీక్ష ఉంది. తాళం తిప్పి, ఇంజిన్ ఆపి ఉంచి, గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ అంకె చూడాలి. సముద్రం ఒడ్డున ఉన్న విశాఖలో అది 101 కిలోపాస్కల్స్ దగ్గర ఉండాలి. అదే బండి హైదరాబాద్‌లో ఉంటే 95 చూపాలి, అక్కడ నేల 500 మీటర్ల పైన ఉంది కాబట్టి. విశాఖలో 90 చూపిస్తే సెన్సర్ కాలిబ్రేషన్ తప్పు. అది సరిచేయకుండా కట్టే పట్టిక అంతా తప్పే.

తర్వాత టైమింగ్ లైట్. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర కట్టేసి, ఒకటో నంబరు ప్లగ్ వైరుకి క్లిప్ తగిలించి, పుల్లీ మీద గుర్తుకి సుద్దముక్క రాసి లైటు కొట్టాలి. స్క్రీన్ మీద 10, పుల్లీ మీద 16 కనిపిస్తే పట్టికలో రాసిన ప్రతి అంకెకూ ఆరు డిగ్రీలు కలుస్తున్నట్టే. ఎక్సిలరేటర్ నొక్కి మూడు వేల ఆర్‌పీఎం దగ్గర కూడా చూడాలి, గుర్తు కదలకూడదు. ఈ పది నిమిషాల పని దాటేసి రోడ్డెక్కిన బండ్లకే పిస్టన్లు కరుగుతాయి.

ఇవి కుదిరాక వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో ఆటోట్యూన్ వాడుకోవచ్చు. తేలిక లోడులో లాంబ్డా (గాలి-పెట్రోలు పాళ్లను సరిగ్గా మండే పాళ్లతో పోల్చే అంకె) 1 దగ్గర, టర్బో లేని ఇంజిన్‌కి ఫుల్ లోడులో 0.87 దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఫుల్ లోడ్ టైమింగ్‌ని మాత్రం డైనో మీదే చూడాలి. ఒక్కో డిగ్రీ పెంచుతూ, టార్క్ పెరగడం ఆగిన చోట ఆగి, కాస్త వెనక్కి రావాలి. నాకింగ్ అంతకన్నా ముందే వినిపిస్తే అక్కడే వెనక్కి తగ్గాలి.

ప్రశ్న: ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో, గాలి-పెట్రోలు పాళ్లకు చెప్పే 14.7 లెక్క మారుతుందా?
- గుంటూరు పాఠకురాలు

జవాబు: మారుతుంది, సుమారు 13.5 అవుతుంది. అందుకే ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోలు పాళ్ల) అంకెలు వదిలేసి లాంబ్డాలో ట్యూన్ చేయడం మేలు. ఏ ఇంధనమైనా అందులో ఒకటి ఒకటే. ఇంజెక్టర్ లెక్కలో మాత్రం మరో ఎనిమిది, తొమ్మిది శాతం కలుపుకోవాలి.

ప్రశ్న: 2021 మోడల్ కారుకి కూడా ఇలాంటి ఈసీయూ పెట్టొచ్చా?
- వరంగల్ పాఠకుడు

జవాబు: రోజూ రోడ్డు మీద తిరిగే కారైతే వద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 కార్లలో ఈసీయూ ఒక్క ఇంజిన్‌నే నడపదు. మీటర్లు, ఏబీఎస్, ఇమ్మొబిలైజర్ అన్నీ క్యాన్ తీగల మీద దానితో మాట్లాడుతుంటాయి. దాన్ని పీకేస్తే వాటిలో కొన్ని మూగబోతాయి, వారంటీ పోతుంది, పొగ లెక్క తప్పుతుంది. పాత బండికైనా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పుకి ఆర్టీఓ ఆఫీసులో ముందే అడగాలి.