కనెక్టర్ ఆన్ చేశాక మొదలయ్యే ఉద్యోగం

బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు, రెండు మూడేళ్లు సపోర్టులో పనిచేసి దారి మార్చుకోవాలని చూస్తున్నవాళ్లకు నేను గట్టిగా చెప్పే పని ఒకటుంది: కస్టమర్ డేటా ప్లాట్‌ఫామ్‌ను బయటి సిస్టమ్‌లతో కలపడం. పేరు వింటే మార్కెటింగ్ వ్యవహారం అనిపిస్తుంది. రోజూ చేసేది మాత్రం అచ్చంగా ఇంజినీరింగే.

ఒకావిడ షాపులో చీర కొని బిల్లు దగ్గర ఫోన్ నంబర్ చెప్పింది. యాప్‌లో ఈమెయిల్‌తో లాగిన్ అయింది. చీర రంగు పోయిందని కాల్‌సెంటర్‌కి ఇంకో నంబర్ నుంచి ఫోన్ చేసింది. కంపెనీ లెక్కల్లో ఆవిడ ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురినీ ఒకే ప్రొఫైల్ కిందికి తెచ్చి, ఆ ప్రొఫైల్‌ను వాట్సాప్, ఎస్ఎంఎస్, ప్రకటనలు, కాల్‌సెంటర్ స్క్రీన్‌లకు అందించేదే కస్టమర్ డేటా ప్లాట్‌ఫామ్, పొట్టిగా సీడీపీ. ఈ పేరును 2013లో డేవిడ్ రాబ్ పెట్టారు. 2020లో ట్విలియో 320 కోట్ల డాలర్లు పెట్టి సెగ్మెంట్ అనే సీడీపీ కంపెనీని కొన్నది. సేల్స్‌ఫోర్స్, అడోబీ, టీలియం కూడా ఈ రంగంలో ఉన్నాయి.

వీటన్నిటిలో రెడీమేడ్ కనెక్టర్లు ఉంటాయి. ఆన్ చేయడం ఎవరికైనా వస్తుంది. అసలు చిక్కులు ఆ తర్వాతే. ఫోన్ నంబర్‌నే తీసుకోండి. మన డేటాబేస్‌లో కొన్ని ముందు సున్నాతో, కొన్ని ప్లస్ 91తో, కొన్ని మధ్యలో ఖాళీతో పడి ఉంటాయి. ప్రకటనల సంస్థలకు పంపేముందు వాటిని షా-256తో హ్యాష్ చేయాలి. మెటాకు దేశం కోడ్‌తో కలిపి ఒట్టి అంకెలే ఉండాలి, ప్లస్ గుర్తు ఉండకూడదు. గూగుల్‌కు ఆ ప్లస్ ఉండాల్సిందే. ఒక్క గుర్తు తేడా వస్తే హ్యాష్ మొత్తం మారిపోతుంది. స్క్రీన్ మీద ఎర్రర్ ఏదీ కనిపించదు. మ్యాచ్ అయిన కస్టమర్ల సంఖ్య మాత్రం పడిపోతుంది. కారణం అక్కడుందని పట్టుకోగలిగినవాడికి ఏ టీమ్‌లోనైనా విలువ ఉంటుంది.

సంక్రాంతి సేల్ రోజు ఇంకో పరీక్ష. ఈవెంట్లు వరదలా వస్తాయి. అవతలి ఏపీఐ 429 అని బదులిస్తుంది, అంటే పరిమితి దాటి పంపుతున్నామని. అప్పుడు కాసేపు ఆగి, ఆగే సమయాన్ని పెంచుకుంటూ మళ్లీ పంపాలి. 401 వస్తే టోకెన్ సంగతి చూడాలి. 400 వస్తే మన డేటాలోనే తప్పుంది, ఎన్నిసార్లు పంపినా ఫలితం ఉండదు. మళ్లీ పంపినప్పుడు ఒకే ఆర్డర్ రెండుసార్లు నమోదు కాకుండా ప్రతి ఈవెంట్‌కూ సొంత ఐడీ ఉండాలి. ఇంటర్వ్యూకి వెళ్లేలోపు వీటిని బట్టీ పట్టకండి, ఒక్కొక్కటీ స్వయంగా చేసి చూడండి.

సమ్మతి విషయం చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో ఇది సాంకేతికత కంటే ముందు నేర్చుకోవాల్సింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం కస్టమర్ సమ్మతి వెనక్కి తీసుకుంటే కంపెనీ ఆ డేటా వాడటం ఆపడమే కాదు, తన తరఫున వాడుతున్న సంస్థల చేత కూడా ఆపించాలి. భద్రతా జాగ్రత్తల్లో లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. "వద్దు" అన్న ఒక్క మాట అన్ని సిస్టమ్‌లకూ చేరేలా చూడాల్సింది మీరే. ఆ మాట వెనక ఒక మనిషి ఉన్నారని గుర్తుంచుకుని డిజైన్ చేయండి.

మొదలుపెట్టడానికి కోచింగ్ ఫీజు అక్కర్లేదు. ఎస్‌క్యూఎల్, కాస్త పైథాన్, జేసన్, పోస్ట్‌మన్ చాలు. రడ్డర్‌స్టాక్ అనే సీడీపీ సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, సేల్స్‌ఫోర్స్ శిక్షణ సైట్ ట్రెయిల్‌హెడ్ ఉచితం. చిన్న వెబ్‌పేజీ కట్టి, అందులో కార్ట్ బటన్ నొక్కిన ఈవెంట్‌ను ప్లాట్‌ఫామ్‌కి, అక్కడి నుంచి వెబ్‌హుక్‌తో మీ సొంత సర్వర్‌కి పంపండి. తర్వాత సర్వర్‌ను కావాలనే ఆపండి. మళ్లీ లేపాక ఎన్ని ఈవెంట్లు చేరాయి, ఎన్ని పోయాయి, ఎన్ని రెండుసార్లు పడ్డాయి అన్నది రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమేలో సర్టిఫికెట్ల పైన దానికి చోటివ్వండి. ఉద్యోగాల సైట్లలో "సీడీపీ" అని మాత్రమే వెతికితే తక్కువే దొరుకుతాయి. ఇంటిగ్రేషన్ ఇంజినీర్, సొల్యూషన్స్ ఇంజినీర్, ఇంప్లిమెంటేషన్ కన్సల్టెంట్, మార్టెక్ డెవలపర్ అనే పేర్లతో కూడా వెతకండి.