పోటీ పరీక్షల ప్రత్యేకం: తల్లిపాలు, పెరుగు, మధుమేహం

సోవియట్ సహకారంతో వెలసిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో (దుర్గ్ జిల్లా, ఛత్తీస్‌గఢ్) తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. అక్కడ స్థిరపడిన తెలుగువారికి షిఫ్టు క్యారేజీలో పెరుగన్నం మామూలే. ఆ పెరుగుకూ, తల్లిపాలకూ మధుమేహంతో ఉన్న సంబంధంపై పరీక్షలకు పనికొచ్చే అంశాలివి:

• శిశువుకు తొలి 6 నెలలు తల్లిపాలే చాలు: డబ్ల్యూహెచ్‌ఓ.
• పాలిచ్చిన తల్లుల్లో టైప్-2 మధుమేహం ముప్పు తక్కువగా కనిపించింది: అమెరికా కార్డియా అధ్యయనం, 2018.
• ఆవుపాల ప్రొటీన్‌ను విడగొట్టి చేసిన డబ్బాపాలు టైప్-1ను తగ్గించలేదు: ట్రిగర్ ప్రయోగం, 2018.
• పెరుగు టైప్-2 ముప్పు తగ్గించవచ్చన్న ప్రకటనను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2024లో అనుమతించింది. ఆధారాలు పరిమితమేనని షరతు పెట్టింది.
• పెరుగన్నంలో పెరుగు మంచిదే, అన్నం కొలతే ముఖ్యం.

బిట్స్: తల్లిపాల వారోత్సవాలు: ఆగస్టు 1–7. ప్రపంచ మధుమేహ దినం: నవంబర్ 14 (ఇన్సులిన్ ఆవిష్కర్తల్లో ఒకరైన బాంటింగ్ జయంతి).