దాణా బస్తా మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఒకటి అయితే ఏం చేయాలి?

పాడి రైతులకు సూచన

కొత్త దాణా మొదలుపెట్టాక పాలు తగ్గితే ముందు గేదెను అనుమానిస్తాం, తర్వాత ఎండను. బస్తా మీద అనుమానం వచ్చేసరికి అది ఖాళీ అయిపోతుంది, లేబుల్ చెత్తలోకి పోతుంది. చాలా ఫిర్యాదులు నిలబడకపోయేది ఇక్కడే.

ఆంధ్రప్రదేశ్‌లో దాణా తయారీ, నాణ్యత, అమ్మకాల నియంత్రణకు 2020లో ప్రత్యేక చట్టం వచ్చింది. తయారుచేసేవారికీ, అమ్మేవారికీ లైసెన్సు ఉండాలి. బిల్లు ఇవ్వని కొట్లో దాణా కొనవద్దు. పది రూపాయలు తగ్గిస్తామన్నా సరే.

లేబుల్‌లో ముందుగా ప్రోటీన్ శాతం చూడండి. బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 2052 ప్రకారం టైప్-1 దాణాలో కనీసం 22 శాతం, టైప్-2లో 20 శాతం ఉండాలి. అయితే ఇక్కడ ఒక మోసం ఉంది. మామూలు పరీక్షలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. అందుకే వంద కిలోల దాణాలో కిలో యూరియా కలిపితే కాగితం మీద దాదాపు 3 శాతం ప్రోటీన్ పెరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఫిర్యాదులో యూరియా, ఇసుక, అఫ్లటాక్సిన్ కూడా పరీక్షించమని రాయండి.

ఫిర్యాదు మీ పశువైద్యాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. మీరే కవర్లో పట్టుకెళ్లిన దాణాకు విలువ తక్కువ. "ఇది మా సరుకు కాదు" అని కంపెనీ ఒక్క మాటతో తోసేస్తుంది. అదే లాటుది కుట్టు విప్పని బస్తా ఒకటి పక్కన పెట్టండి. అధికారం ఉన్న అధికారి దాని నుంచి నమూనా తీసి సీలు వేస్తేనే కేసుకు బలం.

ఈ చట్టం తప్పు చేసినవారిని శిక్షించడానికి. మీకు పోయిన పాల డబ్బు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. "పాలు అమ్ముకుంటున్నావు, నువ్వు వ్యాపారివి, వినియోగదారుడివి కాదు" అంటారు, బెదరకండి. స్వయం ఉపాధితో బతకడం కోసమే కొన్న సరుకైతే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు వినియోగదారులే. గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. నమూనాను ల్యాబుకు పంపే అధికారం కమిషన్‌కూ ఉంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి: బిల్లు, లేబుల్, విప్పని బస్తా, దాణా మార్చిన తేదీకి ముందూ వెనకా పాల కేంద్రం స్లిప్పులు. స్లిప్పుల అంకెలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి, ఈరోజే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.